ఎక్కడికని అడగని ఇల్లు

శనివారం పొద్దున్న వీరభద్రరావుగారి పథకం చాలా సాదాగా ఉంది. ఎనిమిదింబావుకి సత్యనారాయణపురంలో ఇంటి ముందు కారెక్కడం, పదిన్నరకల్లా గన్నవరం విమానాశ్రయం చేరడం, పదకొండున్నర విమానంలో భార్య హైమవతిని కిటికీ పక్కన కూర్చోబెట్టడం. ఆ రోజుకి వాళ్ళ పెళ్ళై యాభై ఏళ్ళు. ఈ యాభై ఏళ్ళలో ఆయన భార్యని తీసుకెళ్ళిన ఊళ్ళు రెండే రకాలు. చుట్టాలున్నవి, దేవుళ్ళున్నవి. ఊరికే సరదాకి తీసుకెళ్ళిన ఊరు ఒక్కటీ లేదు. ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం. కాలవలకి నీళ్ళు వదిలినప్పుడు సెలవు దొరకదు, కట్టేసినప్పుడు మరమ్మతులు. రిటైరై పదిహేనేళ్ళు దాటాక ఆ సాకు కూడా పాతబడిపోయింది.

హైమవతి డాబా మీద బట్టలారేస్తూ, విమానం చప్పుడు వినగానే చేతిలో పని ఆపి తలెత్తి చూడడం ఆయన ఆరేళ్ళుగా గమనిస్తున్నారు. నోరు తెరిచి అడగదు, అడిగే మనిషి కాదు. ఈ ఒక్క కోరికైనా తీర్చకపోతే తను ఉండి ఏం లాభమని ఆయన మనసు పీకుతోంది. అందుకని హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మనవరాలు శాంభవికి రహస్యంగా ఫోన్ చేసి రెండు టిక్కెట్లు కొనిపించారు. అక్కడ దిగాక రెండు రోజులు ఊరంతా తిప్పే బాధ్యత ఆ పిల్లది. "మీ అమ్మానాన్నలకి చెప్పకు. వాళ్ళకి చెబితే మీ మామ్మకి చెప్పినట్టే. ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే చాలు, ముచ్చట తీరిపోతుంది" అని గొంతు తగ్గించి మూడుసార్లు హెచ్చరించారు.

నిజానికి ఆ ఇంట్లో రహస్యం దాచడం పెద్ద కష్టమేమీ కాదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదన్నది చాలా ఇళ్ళలో ఆనవాయితీ, వీరభద్రరావుగారింట్లో మాత్రం శాసనం. యాభై ఏళ్ళ కిందట ఆయన పెళ్ళికి మగపెళ్ళివారి బస్సు బందరు బయల్దేరుతుంటే, ఎదురింటాయన అరుగు మీంచి "ఎక్కడికర్రా, అంతా కట్టగట్టుకుని?" అని కేకేశాడు. ఆ బస్సు పామర్రు దాటకుండానే కాలవగట్టు దిగి కూరుకుపోయింది. పెళ్ళికొడుకు మోకాళ్ళ దాకా బురదతో, ముహూర్తానికి నాలుగు నిమిషాల ముందు పీటలెక్కాడు. ఆనాటినుంచీ ఆయన గుమ్మంలో "ఎక్కడికి?" అన్న మాట నిషిద్ధం. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అనొచ్చు. "కాస్త దూరమే" అనో "ఇక్కడికే" అనో జవాబొస్తుంది. అంతకుమించి కూపీ లాగకూడదు. కొడుకు వెంకటకృష్ణారావు కాలేజీ రోజుల్లో ఇలాగే "కాస్త దూరమే" అని వెళ్ళి, వారం తర్వాత కాశ్మీరు నుంచి కార్డు ముక్క రాశాడు.

అంతకు మూడు రోజుల ముందు, ఎప్పుడూ పిలిచే కారు డ్రైవరు జాన్‌బాబుకి ఆయనే ఫోన్ చేశారు.

"శనివారం ఎనిమిదింబావుకి బండి తీసుకురావాలోయ్. నేనూ, మీ అమ్మగారూనూ. పదిన్నరకల్లా మనం అక్కడుండాలి."

 "తప్పకుండానండీ! నాకు తెలుసండీ, మీరేం చెప్పక్కర్లేదండీ" అన్నాడు జాన్‌బాబు. అతని గొంతులో సంతోషం పొంగిపోయింది. శాంభవే ఇతనికీ చెప్పి ఉంటుందనుకుని, మనవరాలి ముందుచూపుకి వీరభద్రరావుగారు మురిసిపోయారు.

శుక్రవారం రాత్రి భార్యతో, "రేపు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని తయారుగా ఉండు. బ్యాగులో ఇంకో రెండు మంచి చీరలు పెట్టు, నాకు రెండు పంచలు పెట్టు" అన్నారు.

"దూరమా?" అంది హైమవతి.

"కాస్త దూరమే."

ఆవిడ ఆయన వంక అదోలా చూసి, మేడమీద ఉంటున్న కొడుకూ కోడలి దగ్గరికి వెళ్ళింది. వచ్చేసరికి గంట పట్టింది. వీరభద్రరావుగారికి అప్పుడే అనుమానం రావలసింది, కాని పంచాంగంలో తల దూర్చి ఉన్నారు. శనివారం తూర్పుకి వారశూల, ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదు. గన్నవరం చూస్తే తూర్పునే ఉంది. దీనికి పెద్దలు ఒక విరుగుడు చెప్పారు. ముందు వేరే దిక్కుకి కాస్త నడిచి, అక్కణ్ణించి అసలు దిక్కుకి తిరిగితే దోషం ఉండదు.

శనివారం ఎనిమిదింబావుకి జాన్‌బాబు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో వచ్చి, బ్యాగు అందుకుని డిక్కీలో పెట్టి, "ఇవన్నీ ఎందుకండీ, మీరు రావడమే చాలు" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించేలోగా మేడమెట్ల మీంచి వెంకటకృష్ణారావు, కోడలు భానుశ్రీ దిగారు. కొడుకు పట్టుపంచె కట్టాడు. కోడలి చేతిలో వెండిపళ్ళెం నిండా పళ్ళు, పూలు.

"మేమూ వస్తున్నాం నాన్నగారూ. మా కార్లో మీ వెనకే వస్తాం" అన్నాడు కొడుకు.

"అయితే మీకు తెలిసిపోయిందన్నమాట!"

"తెలీకుండా ఉంటుందా? మేం లేకుండా ఎలా జరిపిద్దామనుకున్నారు?" కొడుకు గొంతులో నిష్ఠూరం ఉంది. కోడలు కొంగుతో కళ్ళొత్తుకుంది.

రెండు రోజుల ప్రయాణానికి వీడ్కోలు చెప్పడానికి ఇంత ఆపేక్షా అని వీరభద్రరావుగారి గుండె కరిగింది. వెండిపళ్ళెం విమానంలోకి రానిస్తారో లేదోనని మాత్రం కాస్త బెంగపడ్డారు.

కారు వీధి మలుపు తిరిగి పడమటి దారి పట్టింది. ఆయన ఉలిక్కిపడి, వెంటనే తేరుకున్నారు. శూల! చెప్పకుండానే పడమటికి తిప్పాడు చూడు! ఆదివారం చర్చికి వెళ్ళే మనిషికి ఇంత శాస్త్రం తెలియడం ఆయనకి ఎంతో ముచ్చటేసింది. "మంచిపని చేశావోయ్" అన్నారు. "మీ దయండీ" అన్నాడు జాన్‌బాబు.

వన్ టౌన్‌లో కారాగింది. తోపుడుబళ్ళ మధ్యనుంచి జాన్‌బాబు ఓ హోల్‌సేల్ కొట్లోకి దూరి, విస్తళ్ళ కట్టలు నాలుగు పట్టుకొచ్చాడు. డిక్కీలో చోటు చాలక ఒక కట్ట పెద్దాయన ఒళ్ళో పెట్టి, "ఏమనుకోకండి సార్, పదే నిమిషాలు" అన్నాడు. వెనక కారు దిగిన వెంకటకృష్ణారావు అదే అదనుగా ఐదు కిలోల లడ్డూలు కొన్నాడు. ఇదంతా ఏమిటో వీరభద్రరావుగారికి బోధపడలేదు. అడుగుదామంటే బయల్దేరిన బండిలో ప్రశ్నలు అపశకునం.

"పదిన్నరకి అందుకుంటామా?" అన్నారు ఉండబట్టలేక.

"పదికే ఉంటామండీ. అక్కడ నాకోసం అందరూ ఆగుతారండీ" అన్నాడు జాన్‌బాబు ధీమాగా.

డ్రైవరు కోసం విమానం ఎందుకాగుతుందో ఆయనకి తోచలేదు. కారు ఫ్లైఓవరెక్కి, కృష్ణని ఎడమచేతి వైపు పెట్టుకుని, ఇంకా పడమటికే పోతోంది. శూల తప్పించడానికి నాలుగడుగులు చాలు, నాలుగు మైళ్ళు అక్కర్లేదు. అప్పుడాయనకి గొల్లపూడి బైపాసు గుర్తొచ్చింది. ఊరవతల్నుంచి చుట్టూ తిప్పి గన్నవరం దగ్గర తేలుస్తుందని విన్నారు. ఓహో అదా సంగతి అని విస్తళ్ళ కట్ట మీద చేతులు ఆనించి నిశ్చింతగా వెనక్కి వాలారు.

గొల్లపూడి వచ్చింది, వెళ్ళిపోయింది.

"బైపాసు దాటిపోయినట్టున్నామే?"

"మనకి దాంతో పనేముందండీ, నేరుగా పోవడమే."

 పెద్దాయన పక్కకి తిరిగి చూస్తే హైమవతి బొమ్మలా కూర్చుని ఉంది. "హైమా, నీకేమన్నా... దూరం అనిపిస్తోందా?" అన్నారు.

"తీసుకెళ్తున్నది మీరు. నాకేం తెలుసు?" అందావిడ.

ఇంతలో శాంభవి ఫోన్. "తాతగారూ, ఎక్కడున్నారు?"

"ఆ మాట అనకూడదని చెప్పానా?" అని ఆయన పళ్ళ మధ్యనుంచి గుసగుసలాడారు.

"అయ్యో తాతగారూ, పదింముప్పావుకి చెకిన్ మూసేస్తారు. దారిలోనే ఉన్నారా?"

"దారిలోనే ఉన్నాం."

"ఏ దారిలో?"

"నేనూ అదే చూస్తున్నానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

ఇబ్రహీంపట్నం దాటింది. ఎదురుగా థర్మల్ స్టేషన్ గొట్టాలు కనబడుతున్నాయి. కారాపి వెనక్కి తిప్పమందామంటే బయల్దేరాక వెనక్కి తిరగకూడదన్నది రెండో శాసనం. రెండూ తను పెట్టినవే. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్న పెద్దాయన్ని, పదికి ఐదు నిమిషాలుండగా జాన్‌బాబు కొండపల్లిలో ఒక సందు లోపల, కొత్తగా సున్నం వేసిన ఇంటి ముందు షామియానాలో దింపాడు. బొమ్మలు చేసే చెక్క పొట్టు వాసనా, కొత్త రంగు వాసనా కలిసి వస్తోంది. దిగీ దిగకముందే జాన్‌బాబు లోపలికి కేకేశాడు.

"అమ్మా, సారొచ్చారే! నేను చెప్పలా వస్తారని! కొడుకునీ కోడల్నీ కూడా తీసుకొచ్చారు!"

అప్పుడు వెలిగింది వీరభద్రరావుగారికి. నెల కిందట కారు దిగుతుంటే "చిన్న ఇల్లు కట్టుకున్నామండీ. ఫలానా శనివారం పదిన్నరకి ప్రార్థన పెట్టించి గృహప్రవేశం చేస్తున్నాం. మీరూ అమ్మగారూ రావాలండీ" అన్నాడు జాన్‌బాబు. కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటూ, "రాకపోతే ఎలా? తప్పకుండా వస్తాం" అన్నారు తను. ఆ మాట ఆయన పిలిచిన ప్రతివాళ్ళతోనూ అంటారు. ఇంతవరకూ నిజమని నమ్మినవాడు ఒక్కడూ లేడు.

జాన్‌బాబు తల్లి సువార్తమ్మ పరుగున వచ్చి హైమవతి రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత పెద్ద మనసమ్మా మీది! మీరొస్తారని పొద్దున్నుంచీ ఇంట్లో కోడిని కొయ్యనివ్వలేదు తల్లీ. అంతా శాకాహారమే. మా చుట్టాలంతా గొణుగుతున్నారు."

వీరభద్రరావుగారు వాచీ చూసుకున్నారు. సరిగ్గా పది. కొడుకు కారెక్కి ఇప్పుడు పరుగుతీస్తే బైపాసు మీదుగా అందుకోవచ్చేమో. నోరు తెరిచారు. జాన్‌బాబు అప్పటికే ఆయన బ్యాగుని డిక్కీలోంచి తీసి కానుకల బల్ల మీద పెట్టేశాడు. సువార్తమ్మ జిప్ లాగి, "అయ్యో, ఇద్దరు కోడళ్ళకీ రెండు చీరలు! పిల్లలిద్దరికీ పంచలు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బ్యాగు అడుగున దొరికిన పళ్ళపొడి డబ్బా ఎవరికో ఆవిడకి అర్థం కాలేదు గాని, దాన్ని కూడా భక్తిగా కళ్ళకద్దుకుంది. హైమవతి బల్ల మీది తన మామిడిపండు రంగు పట్టుచీర వంకే చూస్తూ నిలబడిపోయింది. ఇలాంటివాళ్ళ మధ్య నిలబడి విమానముందని చెప్పడానికి వీరభద్రరావుగారికి నోరు రాలేదు. తెరిచిన నోరు మూసుకుని, ముందు వరసలో తమకోసం తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చున్నారు.

ప్రార్థన మొదలైంది. పాస్టరుగారు ఇంటికొచ్చిన పెద్దలకి ఆయురారోగ్యాలివ్వమని దేవుణ్ణి వేడుకున్నారు. పదింముప్పావైంది. వాచీలో ముల్లు ఆ గీత దాటుతుంటే పెద్దాయన కళ్ళు చెమర్చాయి. యాభై ఏళ్ళకి ఒక్క సరదా తలపెడితే అదీ తన నోటి అలవాటు వల్లే పోయింది. ఆయన కన్నీళ్ళు భక్తి అనుకుని, వెనక వరసలో ఎవరో ఆమేన్ అన్నారు.

ప్రార్థన ముగిశాక పక్కనుంచి ఏవో ప్రశ్నలు వినబడ్డాయి. వెంకటకృష్ణారావు, జాన్‌బాబు తమ్ముడు డేనియల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ఆరా తీస్తున్నాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"థర్మల్లోనండీ. టెక్నీషియన్ని."

"పర్మనెంటేనా?"

"అవునండీ."

"అలవాట్లు ఏమన్నా?"

"క్రికెట్ చూస్తానండీ."

"హైదరాబాదులో ఉండాల్సొస్తే అభ్యంతరమా?"

"ఎందుకండీ?"

"ఊరికే, మాటవరసకి."

పక్కన కూర్చున్న పాపానికి జీతంతో సహా చెప్పుకోవడం ఆ ప్రాంతంలో మామూలే కాబట్టి డేనియల్ ఏమీ అనుకోలేదు. వీరభద్రరావుగారికి మాత్రం కొడుక్కి ఎండ దెబ్బ తగిలిందేమోననిపించింది. ఇంతలో కోడలు వంగి చెవిలో చెప్పింది.

"మావయ్యగారూ, అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు. మతం సంగతంటారా, మీకే లేని పట్టింపు మాకెందుకు? కానీ కన్నతల్లిని, నాతో ఒక్కమాట అనాల్సింది."

"ఎవరబ్బాయమ్మా? ఎవరికి నచ్చాలి?"

"మన శాంభవికండీ!"

ఆ క్షణానే ఒకమ్మాయి వచ్చి ఏడాది పిల్లవాణ్ణి డేనియల్ ఒళ్ళో కుదేసింది. "కాస్త వీణ్ణి పట్టుకోండి, పాయసం వడ్డించొస్తా."

"ఎవరా అమ్మాయి?" అంది భానుశ్రీ నీరసంగా.

"మా ఆవిడండీ. వీడు రెండోవాడండీ" అన్నాడు డేనియల్.

వెంకటకృష్ణారావుకి లడ్డూ గొంతుకి అడ్డం పడింది. వీరభద్రరావుగారికి ఇక తల పగిలిపోయేలా ఉంది. దిగ్గున లేచి నిలబడి, "అసలు పొద్దున్న మనమంతా ఎక్కడికి బయల్దేరాం?" అని అరిచారు. పాస్టరుగారి మైకు ఇంకా కట్టేయలేదు కనక ఆ ప్రశ్న సందు చివరిదాకా వెళ్ళింది.

 ఆయన కుటుంబం నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. ఆ మాట ఆయన నోట వినడం వాళ్ళకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"శాంభవికి సంబంధం చూడ్డానికి కాదూ?" అన్నాడు కొడుకు.

"అని ఎవరు చెప్పారు?"

"అత్తయ్యగారు అలాగే ఉందన్నారు" అంది కోడలు.

"మరేమనుకోవాలి?" అంది హైమవతి. "మనవరాలితో ఫోన్లో గుసగుసలు. అమ్మానాన్నలకి చెప్పొద్దంటారు. దగ్గర్నుంచి చూస్తే చాలంటారు. నన్ను పట్టుచీర కట్టుకోమంటారు. అడుగుదామంటే అడగనివ్వరు."

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, మేడమీద ఆ గంటలో పెళ్ళి భోజనాల దాకా వెళ్ళిపోయారని అప్పుడు తెలిసింది. ఈ గొడవంతా వింటున్న జాన్‌బాబు మొహం మెల్లగా పాలిపోయింది.

"అంటే... మీరు మా ఇంటికని రాలేదాండీ?"

 హైమవతే అందుకుంది. "బాగుంది నాయనా! రాకపోతే ఈ కుర్చీలో కూర్చున్నదెవరు? మీ సారు సంగతి నీకు తెలీదా, బయల్దేరితే కన్నకొడుక్కి కూడా చెప్పరు. ఆ మామిడిపండు రంగు చీర నీ భార్యకివ్వు, తెల్లటి పిల్ల, నప్పుతుంది."

జాన్‌బాబు మొహం మళ్ళీ వెలిగింది. అందరికీ విస్తళ్ళు పరిచారు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట వీరభద్రరావుగారు భార్యని పక్కకి పిలిచి, జేబులోంచి టిక్కెట్ల కాగితం తీసి, జరిగిందంతా చెప్పేశారు. "క్షమించు హైమా. నీ ఒక్క కోరికా తీర్చలేకపోయాను" అన్నారు.

"విమానమా? నాకెందుకండీ విమానం?"

"రోజూ డాబా మీంచి తలెత్తి చూస్తావుగా!"

"అయ్యో రాత! అది వెళ్తే పదకొండున్నరైనట్టు. మన హాల్లో గడియారం ఆరేళ్ళుగా పది నిమిషాలు వెనక నడుస్తోంది, చెబితే ఒప్పుకోరు. విమానం చూసి దిగొచ్చి కుక్కరెక్కిస్తాను."

వీరభద్రరావుగారు టిక్కెట్ల కాగితం మెల్లగా మడిచారు. తర్వాత, "మరి నీకు ఎక్కడికి వెళ్ళాలనుంది?" అన్నారు.

 హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళైన యాభై ఏళ్ళలో ఆ మాట ఆవిణ్ణి ఎవ్వరూ అడగలేదు. అడగకూడదన్న ఇంట్లో కాపురం చేసింది. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టి, సిగ్గుతో తల దించుకున్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క వేలే మడవడం మొదలుపెట్టింది.

"మీరు ముప్పై రెండేళ్ళు పనిచేసిన కాలవ లాకులు నేను ఒక్కటీ చూళ్ళేదు. అవన్నీ చూపించాలి. పులిగడ్డ దగ్గర నది మీంచి కాలవ పోతుందట, దానివారన నడవాలి. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసేచోట నిలబడాలి. గుడికి కాదు, ఊరికే నిలబడ్డానికి. కొల్లేట్లో కొంగల్ని చూడాలి. ఇంతదాకా వచ్చాం, ఈ కొండపల్లి ఖిల్లా ఎక్కగలిగినంత మేర ఎక్కాలి. మా స్నేహితురాలు కైకలూరులో ఉంది, నలభై ఏళ్ళైంది చూసి..."

ఆయన టిక్కెట్ల కాగితం తిరగేసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఒక పక్క నిండింది. కోడలు పళ్ళెం కింద వేసిన కాగితం తీసిచ్చింది. అది కూడా నిండింది. ఫోన్లో శాంభవి నవ్వు ఆపుకుని, ఆ జాబితా తనకీ పంపమంది, ఆదివారం పొద్దుటికి తనే వచ్చేస్తానంది.

సోమవారం నుంచి జాన్‌బాబు వేరే బేరాలు ఒప్పుకోవడం మానేశాడు.